నూటికి డెబ్బై ఏడు

కిందటి వారం భాగంలో గౌతమిని పలాసలో వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే బస్సు ఎక్కించి వదిలేశాం. ఆమె ఒళ్లో అప్పుడు రెండు వస్తువులున్నాయి. ఒకటి నలభై కాగితాల కట్ట. రెండోది పదివేల రూపాయలున్న గుడ్డసంచి. రెండూ ఇచ్చింది ఒకరే, ఆమె లెక్కలు రాసే చేపల షెడ్డు యజమాని జానకిరామ్. కాగితాల మీద గెడ్డపేటలో నలభై ఇళ్ల వాళ్ల చేతా వేలిముద్రలు వేయించుకు రావాలి. డబ్బు ఆమె తండ్రి గున్నయ్య వైద్యానికి. "ఇది వేరు, అది వేరు గౌతమీ. రెండూ కలిపి చూడకు" అని కూడా అన్నాడాయన. కలిపి చూడొద్దని ఒకరు ప్రత్యేకంగా చెప్పారంటే అవి కలిసే ఉన్నాయని అర్థం. అది తెలిసే ఆమె తీసుకుంది.

తీసుకోక ఏం చేస్తుంది? గున్నయ్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్లి రక్తం కడిగించాలి. రైలు, మందులు, ఆసుపత్రి కలిపి ఒక్కో దఫాకి పదహారు వందలు. గురువారం వెళ్లాల్సింది డబ్బుల్లేక మానేశారు. ఆదివారానికి గున్నయ్య పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం మానేశాయి, నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగుతున్నాడు. సోమవారం ఉదయం ఆరింటి రైలు తప్పితే ఏమవుతుందో డాక్టరు దాచకుండా చెప్పాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గెడ్డపేట వలల పాకలో ఊరంతా కూర్చుంది. వేట నిషేధం ముగిసి నాలుగు రోజులైంది. నెలన్నర పాటు సముద్రం మూసేస్తే ఆ నలభై ఇళ్లలోనూ పొయ్యి వెలిగింది జానకిరామ్ ఇచ్చిన అప్పులతోనే. అందుకే కాగితాలనగానే ఎవరూ మొహం చిట్లించలేదు. పైగా తెచ్చింది గౌతమి. ఆ పేటలో ఇంటరు దాకా చదివిన మొదటి ఆడపిల్ల.

గున్నయ్య పాక గుంజకి చేరగిలబడి ఉన్నాడు. పక్కన భార్య కాంతమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది. ఎదురుగా చాప మీద పెద్దతల్లి. అరవై ఏళ్ల మనిషి, మొగుడూ కొడుకూ ఇద్దరూ సముద్రంలోనే పోయారు. ఆ పేటలో లోపలికంటా వెళ్లగలిగే ఫైబరు బోటు ఒక్కటే ఉంది. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి కొన్నది. అందులో ఒక వాటా పెద్దతల్లిది, ఒకటి గున్నయ్యది. పెద్దతల్లి మాట అంటే ఊరి మాట.

"ఒలే గౌతమీ, ఆ కాయితంల ఏటుందో సదువే. నువ్వు ఎయ్యమంతే ఏత్తాం" అంది పెద్దతల్లి.

గౌతమి మొదటి కాగితం విప్పింది. "కమీషను ఇంతవరకు నూటికి పది. ఇకమీదట నూటికి ఎనిమిది."

పాకలో ఒక్కసారి గాలి తిరిగినట్టయింది. "రెండు తగ్గించినాడా బాబు!" అని ఎవరో అన్నారు. రెండో వరసలోని గంగమ్మ అప్పుడే బొటనవేలికి సిరా రాసేసుకుని, "ముద్దర ఎక్కడెయ్యాలి పిల్లా?" అని ముందుకి జరిగింది.

మిగతాది గౌతమి గబగబా చదివేసింది. "సరుకు తూకంలో నూటికి పది చొప్పున తరుగు మినహాయించబడును. మంచు, రవాణా నిమిత్తం నూటికి ఐదు మినహాయించబడును. పై మినహాయింపులన్నియు మొత్తం సరుకు విలువ మీదనే లెక్కించబడును."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ మాటలు అర్థం కాకూడదనే రాయించారు. రాసింది గౌతమే. గురువారం షెడ్డులో ఆమె ఒక్కసారి నోరు తెరిచింది కూడా. "సార్, తరుగు తీసేశాక మిగిలేది తొంభై కదా. ఆ తొంభై మీద ఎనిమిది శాతమంటే ఏడు రూపాయల ఇరవై పైసలే అవుతుంది" అంది. జానకిరామ్ తలెత్తకుండానే, "వంద మీదే రాయమ్మా" అన్నాడు. ఆ ఎనభై పైసలు కూడా వదల్లేదు.

"అదంతా నాకు తెల్దు" అంది పెద్దతల్లి. "వొంద రూపాయల సేపలేత్తే నా సేతికి ఎంతొత్తాది? అది సెప్పు."

ఇంత చిన్న ప్రశ్న వస్తుందని గౌతమి అనుకోలేదు. బస్సులో వస్తూ పెద్ద పెద్ద ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేసుకుంది. పెట్రోలు ధర పెరిగిందని, షెడ్డు సరుకు కొనే హౌరా వర్తకులు గట్టివాళ్లని. దీనికి మాత్రం సిద్ధం చేసుకోలేదు.

"నోటితో సెప్పకే. నాకు నోటి నెక్క రాదు" అంటూ పెద్దతల్లి పక్కనున్న బుట్టలోంచి జీడిపిక్కలు దోసిళ్లతో తీసి చాప మీద పోసింది. పదేసి చొప్పున పది కుప్పలు పెట్టింది. "ఇవి వొంద. బాబు ఎన్ని తీసుకుంతాడో నువ్వు తియ్యి. మిగిలినయ్యి మాయి."

గౌతమి చాప ముందు గొంతుక్కూర్చుంది. కమీషను ఎనిమిది పిక్కలు తీసి పక్కన పెట్టింది.

"తొంబై రెండు" అని పెద్దతల్లి లెక్కపెట్టుకుంది. "ఇదివరకు తొంబై. మంచిదే."

అక్కడ ఆగిపోవచ్చు. ఆగిపోతే గంగమ్మ ముద్ర పడుతుంది, దాని వెనక ముప్పై తొమ్మిదీ పడతాయి. రేపు ఆరింటికి రైలెక్కొచ్చు. గౌతమి తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు, గర్వంగా. ఊరంతా కూర్చుంటే నిలబడి చదివే కూతురు ఆయనకుంది. ఒంట్లో నీరు చేరి మొహం ఉబ్బిపోయినా ఆ గర్వం కనపడుతూనే ఉంది.

చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. "ఇది తరుగు" అంటూ ఒక కుప్ప మొత్తం తీసేసింది. "ఇది మంచుకి, బండికి" అంటూ మరో ఐదు తీసింది. "ఇక మీవి."

పెద్దతల్లి ఒక్కో పిక్కా వేలితో జరుపుతూ లెక్కపెట్టింది.

"డెబ్బై ఏడు" అందామె. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. డెబ్బై ఏడే. "ఇదివరకు తొంబై వచ్చీవి. ఇప్పుడు డెబ్బై ఏడా? మరి రెండు తగ్గించినాడన్నావు?"

"రెండు తగ్గించి పదిహేను పెంచినాడు పెద్దమ్మా. వొందకి పదమూడు పోతాయి."

గంగమ్మ సిరా రాసుకున్న వేలిని చీర కుచ్చిళ్లకి పరపరా రుద్దేసుకుంది. ఒకరి మాట ఒకరికి వినపడకుండా అందరూ ఒక్కసారి అరిచారు. పెద్దతల్లి అరవలేదు. గౌతమి మొహంలోకి చూస్తూ కూర్చుంది. గోల కాస్త తగ్గాక అడిగింది.

"ఈ నెక్క నీకు ముందే తెలుసేటి?"

"తెలుసు."

"తెలిసే సదివినావా?"

గౌతమి తల దించుకుంది.

"నానడక్కపోతే సెప్పీదానివా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. గౌతమి దాన్ని వదిలేసింది. "తెల్దు పెద్దమ్మా. సెప్పకపోదునేమో. మా అయ్య వైద్దానికి పదివేలిచ్చినాడు. ముద్దర్లు ఏయించుకు రమ్మన్నాడు." సంచి తీసి చాప మీద పెట్టింది.

మగాళ్లలో ఒకడు లేచి తుపుక్కున ఉమ్మాడు. "మన పిల్లే గదా అని కూకుంతే మన పీకే కోసీదే!" గౌతమి చెంప మీద కొట్టినట్టయింది. కానీ ఆమె చూసింది అతని వైపు కాదు. గుంజ దగ్గర తండ్రి నడుం నిలబెట్టుకోవడానికి చూస్తున్నాడు. మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"పాపా," అన్నాడు గున్నయ్య, ఆగి, ఊపిరి తీసుకుని. "ఆ డబ్బులు... ఎనక్కి ఇచ్చీ."

"ఇవ్వదు!" కాంతమ్మ విసనకర్ర విసిరి కొట్టింది. "ఎందుకియ్యాల? ఇరవయ్యేళ్లుగా వొందకి పది తిన్నాడు ఆడూ, ఆడి బాబూ. మనం ఏసిన సేపల్లో పదో వొంతంతే ఎంతైందో నెక్కకట్టండి! అందులో పదివేలు మనకిత్తే ఆడి ఇల్లేటి కూలిపోదు. రేపు మీ అయ్యకి రైలుంది. ఒలే, ఆ సంచి లోపలెట్టు."

ఎవరూ ఆమెకి ఎదురు చెప్పలేకపోయారు. ఆ పేటలో అప్పటికే ఐదిళ్లలో అదే జబ్బు. చివరికి పెద్దతల్లే లేచింది. "ముద్దర్లు ఎవలూ ఎయ్యద్దు" అంది. "బుధవారం బోటు దించుదాం. పడ్డ సేపలు మనమే తట్టలకెత్తి నౌపడ టేసనుకి తోలుకెల్దాం. ఆడే కొంతాడేటి లోకంల? గౌతమీ, నెక్క నువ్వు రాయాల. సేసిన తప్పుకి అదే నీకు సిచ్చ."

గౌతమికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మాట తిట్టుకాదు. తిరిగి ఇంట్లోకి రమ్మన్న పిలుపు.

సరిగ్గా నాలుగింటికి వ్యాను వచ్చింది. కాగితాలు తీసుకోవడానికి తనే వస్తానని జానకిరామ్ చెప్పే ఉన్నాడు. మంచు నీళ్లు కారుతున్న నీలం వ్యాను పాక ముందు ఆగింది. ముప్పై ఐదేళ్ల మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. అతను గొంతు పెంచి మాట్లాడటం ఆ తీరంలో ఎవరూ వినలేదు. అతను పాకలోకి వచ్చి చాప మీది పిక్కల్ని చూశాడు. మూడు చిన్న కుప్పలు, ఒక పెద్ద కుప్ప. ఎవరూ చెప్పకుండానే విషయం అర్థమైంది.

"లెక్క సరిగ్గానే చెప్పావమ్మా గౌతమీ" అన్నాడు. తర్వాత అందరి వైపు తిరిగాడు. "నేనేమీ దాచలేదు, కాగితంలో రాయించాను. హౌరాలో వాళ్లు నా దగ్గర నూటికి పన్నెండు కోస్తున్నారు. అది నేనెక్కణ్ణించి తెచ్చేది? మీకు ఇష్టమైతే వెయ్యండి. లేకపోతే వేసవి అప్పులు మంగళవారం సాయంత్రానికి కట్టేసి, మీ చేపలు మీరు ఎవరికైనా అమ్ముకోండి. బలవంతం లేదు."

"కడతాం బాబూ" అంది పెద్దతల్లి. "బుదారం బోటు దిగుతాది. ఓ నెల గడువియ్యి. ఏటకేట తీర్చీత్తాం."

"బోటా?" జానకిరామ్ చొక్కా జేబులోంచి మడతపెట్టిన స్టాంపు కాగితం తీశాడు. "నన్నడక్కుండా ఎలా దింపుతారు పెద్దతల్లీ? అందులో నూటికి ఇరవై ఐదు నా చేతిలో ఉంది."

పెద్దతల్లికి అర్థం కాలేదు. నూటికి ఇరవై ఐదంటే ఏమిటని గౌతమిని చూసింది. గౌతమి కాగితం అందుకుంది. చైత్రమాసం తేదీ. పద్దెనిమిది వేల రూపాయల అప్పు, నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. హామీ కింద డెబ్బై రెండు వేల విలువ చేసే ఫైబరు బోటులో నాలుగో వంతు వాటా. అప్పు తీరేదాకా అప్పిచ్చినవారి అనుమతి లేకుండా బోటు సముద్రంలో దించరాదు. కింద నీలి సిరాతో బొటనవేలి ముద్ర. పక్కన పేరు గున్నయ్య.

ఆమె గట్టిగా చదవలేకపోయింది. "మన వాటా తాకట్టయింది పెద్దమ్మా. బోటు కదలకూడదంట" అని మాత్రం అంది.

"నానెయ్యలేదు" అన్నాడు గున్నయ్య. "అమ్మతోడు... నానే ముద్దరా ఎయ్యలేదు."

కాంతమ్మ మొగుడి కాళ్ల దగ్గర కూలబడింది.

"నాను ఏయించినాను" అంది. "వైజాగుల మిసను మీద్నించి దించినాక నువ్వు మత్తుగా పడున్నావు. నీ ఏలు పట్టుకుని నానే అద్దినాను. నౌపడ ఉప్పు మడుల్ల పనిసేసీ మా తమ్ముడిచ్చినాడని మీకందరికీ అబద్దం సెప్పినాను. ఆ డబ్బులే నెలన్నర నిన్ను బతికించినాయి. ఏటి సెయ్యమంతావు? నూతిలో దూకమంతావా?"

మిగతా ఇద్దరు వాటాదారులూ ఏదో అనబోయి ఊరుకున్నారు. పెద్దతల్లి మాత్రం, "నన్నొక్క మాట అడగలేకపోయినావే కాంతం" అంది. కోపంగా కూడా అనలేదు. అది కాంతమ్మకి మరీ కష్టంగా తగిలింది.

గున్నయ్య కూతుర్ని అడిగాడు. "ఆ పదివేలు... నాకు ఎన్నాళ్లొత్తాయే?"

గౌతమి లెక్కకట్టాల్సిన పనిలేదు. బస్సులోనే కట్టుకుంది. దఫాకి పదహారు వందలు, వారానికి మూడు వేల రెండు వందలు. "మూడు వారాలు అయ్యా."

"మూడు వారాలు" అన్నాడు గున్నయ్య. "నాలుగిళ్ల బోటు. దాని మీద ఊరు బతకాల. మూడు వారాలకి..." ఊపిరి అందలేదు. చెయ్యి మాత్రం చాపాడు, సంచి ఇటివ్వమన్నట్టు. కాంతమ్మ కూడా చెయ్యి చాపింది.

గౌతమి సంచి చేతిలోకి తీసుకుని ఇద్దరి మధ్యా నిలబడింది. వేసవి అప్పులు వేటకి వెళితే తీరతాయి, ముందు బోటు కదలాలి. బోటు మీద అసలు పద్దెనిమిది వేలు. నూటికి మూడు చొప్పున నెలకి ఐదు వందల నలభై, మూడు నెలలకి పదహారు వందల ఇరవై. మొత్తం పంతొమ్మిది వేల ఆరు వందల ఇరవై. ఇందులోంచి పదివేలు పోతే తొమ్మిది వేల ఆరు వందల ఇరవై. నలభై ఇళ్లు. ఇంటికి రెండు వందల నలభై రూపాయలు, పైన అర్ధరూపాయి. అది కష్టమే. కానీ ముక్కుపుడకో ఇత్తడి బిందో అమ్మితే వచ్చే కష్టం. అంకెలు ఆమెకి ఎప్పుడూ ఇంత తేలిగ్గా దొరకలేదు, ఇంత అసహ్యంగా కూడా కనపడలేదు. ప్రతి అంకె అడుగునా తండ్రి ఊపిరి వినపడుతోంది.

ఆమె నడుచుకుంటూ వెళ్లి సంచి జానకిరామ్ చేతిలో పెట్టింది. "బోటు బాకీ కింద పదివేలు జమ. రశీదు రాయండి సార్."

జానకిరామ్ మొదటిసారి ఆశ్చర్యపోయాడు. "ఇది నేను నీకిచ్చిన డబ్బే కదమ్మా. మీ నాన్న పేరున తీరితే నీ పేరున ఉంటుంది. బాకీ ఎక్కడికీ పోదు."

"ఉండనివ్వండి. నా జీతంలో కోసుకోండి."

"జీతమా?" అన్నాడతను మెల్లగా. "ఉద్యోగం ఉంటే కదా."

"లేకపోతే ఇంకెక్కడో సంపాదించి కడతాను. ముందు రశీదు రాయండి."

అతను జేబులోంచి పెన్ను తీసి, స్టాంపు కాగితం వెనక జమ రాసి సంతకం చేశాడు. గౌతమి రెండుసార్లు చదువుకుంది. "పెద్దమ్మా, ఇంటికి రెండొందల నలభై. మంగళారం సాయంత్రానికి" అంది.

"సూద్దాం" అంది పెద్దతల్లి. కానీ ఆమె కళ్లు గున్నయ్య మీదే ఉన్నాయి.

జానకిరామ్ వెనుదిరిగాడు. కాంతమ్మ లేచి కూతురి ఎదురుగా వచ్చింది. జుట్టు ఊడిపోయి భుజాల మీద పడింది. చెయ్యెత్తింది, కొట్టలేదు. "ఒలే" అంది, "ఇంత సదివినావు గదా. నెక్కలన్నీ తెలుసు గదా. మీ అయ్య పేనం వొందకి ఎంతని కట్టినావే?"

"రేపు రైలెక్కుతాం అమ్మా" అంది గౌతమి. "డబ్బులు నేకపోయినా ఎక్కుతాం. ఆసుపత్రోల్ల కాళ్లు నాను పట్టుకుంతాను."

"రేపు!" అని కాంతమ్మ ఏడుస్తూ నవ్వింది.

అప్పుడే గుంజ దగ్గర చప్పుడైంది. గున్నయ్య లేవబోయాడు. కూతురి దగ్గరికి రావాలనుకున్నాడో, బోటు వైపు వెళ్లాలనుకున్నాడో ఎవరికీ తెలియదు. రెండు అడుగులు వేసి పక్కకి ఒరిగిపోయాడు. నోరు తెరుచుకుంది. గాలి లోపలికి పోతోంది కానీ అందడం లేదు. గొంతులో గురగురమని నీళ్ల చప్పుడు. పెదాలు నల్లబడుతున్నాయి. పెద్దతల్లి పరుగున వచ్చి తల ఒళ్లోకి తీసుకుంది. "రేపటి దాకా ఆగీ ఊపిరి కాదే ఇది!" అని కేకేసింది. "బండి! బండి సూడండి!"

ఆదివారం. చివరి బస్సు మూడింటికే వెళ్లిపోయింది. ఆటో కావాలంటే వజ్రపుకొత్తూరు నుంచి రావాలి. ఆ ఊళ్లో ఉన్న బండి ఒక్కటే. దాని ఇంజను అప్పుడే మొదలైంది.

గౌతమి చెప్పులు వదిలేసి పరిగెత్తింది. ఇసుకలో కాళ్లు దిగబడుతున్నాయి. "సార్! సార్! ఆపండి సార్!" ఇందాక అంత నిబ్బరంగా మాట్లాడిన గొంతు ఎక్కడికి పోయిందో, బిచ్చమెత్తుకునే గొంతు ఒకటి మిగిలింది. వ్యాను కదిలింది. ఆమె పక్క నుంచి తలుపు మీద రెండు అరచేతులతో బాదింది. వ్యాను ఆగింది.

జానకిరామ్ దిగాడు. పాక వైపు చూశాడు, వెనక్కెళ్లి వ్యాను తలుపులు బార్లా తీశాడు. ఖాళీ మంచు పెట్టెలు రెండు కిందికి తోసేశాడు. గున్నయ్య కాళ్ల వైపు తనే పట్టుకుని ఎక్కించాడు. తెల్ల చొక్కా అంతా చేపనీరు అయింది. పట్టించుకోలేదు. కాంతమ్మ ఎక్కబోతే ఆపాడు.

"నువ్వెక్కు గౌతమీ. మీ అమ్మ ఈ కంగారులో డాక్టర్లతో ఏం మాట్లాడుతుంది? నేను పలాస ఆగను. టెక్కలి మీదుగా తిన్నగా విశాఖపట్నం పోదాం. డబ్బు సంగతి తర్వాత."

కాంతమ్మ రెండు చేతులూ జోడించింది. ఇందాకటి దాకా అతన్ని తిట్టిన నోరే, "నీ కడుపు సల్లగుండ బాబూ" అంది. గౌతమి ఎక్కి తండ్రి తల ఒళ్లో పెట్టుకుంది. ఊరంతా వెనక నిలబడి చూస్తుండగానే వ్యాను జీడితోటల మధ్య మట్టిరోడ్డు ఎక్కింది.

గతుకు గతుకుకీ గున్నయ్య ఊపిరి తెగి మళ్లీ అతుక్కుంటోంది. గౌతమి ఆయన గుండె మీద చెయ్యేసి ఉంచింది. ముందు సీటుకీ వెనక పెట్టెకీ మధ్య చిన్న జాలీ ఉంది. తారురోడ్డు వచ్చాక అందులోంచి జానకిరామ్ గొంతు వినపడింది, ఎప్పటిలాగే మెత్తగా.

"ఒక్కటే అడుగుతాను గౌతమీ. వాళ్లకి పిక్కల లెక్క చెప్పావు. మంచిదే. హౌరా లెక్క కూడా చెప్పావా?"

హౌరా వర్తకులు అతని దగ్గర కోసేది నూటికి పన్నెండు కాదు, నాలుగే. ఆ అసలు లెక్క ఉన్న పుస్తకం షెడ్డులో ఇంకెవరికీ చూపించడు. రెండేళ్లుగా అది రాసేది గౌతమి ఒక్కతే. పన్నెండు అబద్ధమని తెలిసిన రోజున ఊరు మాత్రమే కాదు, నౌపడ నుంచి ఇచ్ఛాపురం దాకా ఈ తీరంలో ఏ పేటా అతనికి చేప వెయ్యదు.

ఒళ్లో తండ్రి కళ్లు మూసుకున్నాడు. ఊపిరి ఒకటి వచ్చింది. తర్వాతది రావడానికి చాలాసేపు పట్టింది.

"చెప్పలేదు సార్" అంది గౌతమి. అంతటితో ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆమె ఊరుకోలేకపోయింది.

"ఇంకా చెప్పలేదు."

వ్యాను వేగం తగ్గడం మొదలైంది.